తుఫాను గాలి, వరద నీరు

మారిషస్‌లో పుట్టి పెరిగిన పిల్లలకు తుఫాను అంటే ఏమిటో కొత్తగా చెప్పనక్కరలేదు. నవంబరు నెల వచ్చినదంటే ఇంటిలో కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, టార్చిలైటుకు బ్యాటరీలు తెచ్చి పెట్టుకొంటారు. కిటికీ తలుపుల గడియలు సరిచూస్తారు. రేడియోలో తుఫాను పేరు వినిపించగానే అమ్మ బకెట్లన్నీ మంచినీటితో నింపుతుంది. పెరటిలోని మామిడికొమ్మను ఇంకా కొట్టించలేదని తాతగారు నాన్నగారిని మందలిస్తారు. ఇవన్నీ మనకు అలవాటైన పనులు. అయితే ఈ అలవాటు ఊరికే రాలేదు. ఎన్నో ఇండ్లు కూలిన తరువాత, ఎందరో మరణించిన తరువాత వచ్చినది.

ఈ పాఠములో గాలిని గురించి కొంత, నీటిని గురించి ఎక్కువ చెప్పుకొందాము. గాలికి తట్టుకొనడము ఈ దేశము చాలవరకు నేర్చుకొన్నది. నీటికి తట్టుకొనడము ఇంకను నేర్చుకొంటున్నది. మొదటిది వచ్చినది కనుక రెండవది కూడ దానితోనే వచ్చినట్లు చాలమంది భావించారు. అట్లు కాదని 2013లో తెలిసినది.

కోరంగి నుండి వచ్చిన వారు

మన పూర్వికులు గాలివాన ఎరుగని నేల నుండి వచ్చినవారు కారు. 19వ శతాబ్దములో చెరకు తోటలలో పనిచేయడానికి ఒప్పంద కూలీలుగా వచ్చిన తెలుగువారిలో చాలమంది గోదావరి, విశాఖపట్టణము ప్రాంతముల వారు. గోదావరి సముద్రములో కలిసేచోట, కాకినాడకు సమీపములో, కోరంగి అనే రేవుపట్టణము ఉండేది. ఓడలు కట్టడములో పేరు పొందిన ఊరు అది. ఆ రేవు పేరు మీదుగానే మారిషస్‌లోను, బర్మాలోను తెలుగువారిని కోరంగీలు అని పిలిచేవారు.

ఆ కోరంగిని 1789 డిసెంబరులో ఉప్పెన ముంచినది. మూడు పెద్ద అలలు ఒకదాని వెంట ఒకటి ఊరిమీదికి వచ్చినవి. తిరిగి కట్టుకొన్న ఊరిని 1839 నవంబరు 25న మరియొక ఉప్పెన ముంచినది. ఆ దెబ్బ తరువాత కోరంగికి పూర్వపు వైభవము మరల రాలేదు. కలకత్తాలో నివసించిన హెన్రీ పిడింగ్టన్ అనే ఆంగ్లేయుడు ఈ తుఫానులను గురించి ఓడల దినచర్య పుస్తకముల నుండి వివరములు సేకరించాడు. చుట్ట చుట్టుకొన్న పాము అని అర్థము వచ్చే గ్రీకు మాట నుండి ‘సైక్లోన్’ అనే పేరును కల్పించినది ఆయనే. నేడు ప్రపంచమంతా వాడే ఆ మాట పుట్టుకలో మన కోరంగికి కూడ కొంత భాగము ఉన్నదన్నమాట.

మన పూర్వికులు ఇక్కడికి వచ్చిన తరువాత తుఫాను లెక్కను తిరిగి నేర్చుకొనవలసి వచ్చినది. బంగాళాఖాతములో పెద్ద తుఫానులు ఎక్కువగా అక్టోబరు నుండి డిసెంబరు వరకు వస్తాయి. భూమధ్యరేఖకు దక్షిణమున ఉన్న ఈ ద్వీపములో జనవరి నుండి మార్చి వరకు ఎక్కువ. సంక్రాంతి నాటికి ఆంధ్రదేశములో గాలివాన భయము తీరిపోతుంది. ఇక్కడ సంక్రాంతి నాటికి అసలు భయము మొదలవుతుంది. గాలి తిరిగే దిక్కు కూడ మారినది. అక్కడ తుఫాను గడియారపు ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది, ఇక్కడ ముల్లు తిరిగిన వైపే తిరుగుతుంది.

గాలి నేర్పినది

తుఫానులను శాస్త్రీయముగా పరిశీలించడములో మారిషస్ వెనుకబడిన దేశము కాదు. ఛార్లెస్ మెల్డ్రమ్ అనే పండితుడు 1851లో ఇక్కడ వాతావరణ పరిశోధక సంఘమును స్థాపించిన వారిలో ముఖ్యుడు. పోర్ట్ లూయీ రేవుకు వచ్చిన ప్రతి ఓడ దినచర్యనుండి గాలి దిక్కు, వాయుభారము వివరములు ఎత్తి వ్రాయించి, తుఫాను ఏ దారిన పోయినదో పటముమీద గీయించాడు. పాంప్లెమూస్‌లో రాయల్ ఆల్ఫ్రెడ్ వేధశాల ఆయన పర్యవేక్షణలోనే వెలసినది.

అయినను తెలిసికొనడము వేరు, తట్టుకొనడము వేరు. 1892 ఏప్రిల్ 29న వచ్చిన తుఫానులో సుమారు 1,200 మంది మరణించారు. పోర్ట్ లూయీ నగరములో మూడవ వంతు నేలమట్టమైనది. ఏప్రిల్ చివర అంతటి తుఫాను వస్తుందని ఎవరును అనుకొనలేదు.

ఇక 1960వ సంవత్సరము. మీ ఇంటిలో ఎనబది ఏండ్లు దాటిన పెద్దలు ఉంటే ఆ సంవత్సరము పేరు చెప్పి చూడండి, వారి ముఖము మారుతుంది. ఆ జనవరి 19న ఆలిక్స్ అనే తుఫాను వచ్చినది. దాని దెబ్బనుండి తేరుకొనకముందే ఫిబ్రవరి 27, 28 తేదీలలో కారొల్ వచ్చినది. గాలి విసురు గంటకు 256 కిలోమీటర్ల వరకు పోయినది. 42 మంది చనిపోయారు. చెరకు తోటల శిబిరములలో ఆ రోజులలో ఇండ్లకు చెరకు ఆకు కప్పు గాని, రేకుల కప్పు గాని ఉండేది. వేలకు వేలు ఇండ్లు ఒక్క రాత్రిలో లేకుండ పోయినవి. చెరకు పైరు నేలకు ఒరిగిపోయినది. ఆ యేడు దేశములో తయారైన చక్కెర అంతకు ముందటి యేటిలో సగమునకు కూడ రాలేదు.

ఇండ్లు ఎందుకు అట్లు ఎగిరిపోయినవో కొంచెము ఆలోచించండి. గాలి వేగము రెండింతలైతే దాని ఒత్తిడి రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. గంటకు 120 కిలోమీటర్ల గాలికంటె కారొల్ గాలి ఒత్తిడి నాలుగు రెట్లకు మించి ఉన్నదన్నమాట. పైగా కప్పుమీదుగా వేగముగా పోయే గాలి కప్పును క్రిందికి నొక్కదు, పైకి లాగుతుంది. ఒక కిటికీ పగిలి గాలి లోపలికి వచ్చినదంటే లోపలనుండి తోసేది కూడ దానికి తోడవుతుంది. తేలికైన కప్పు నిలువదు. తుఫాను నడిబొడ్డున కన్ను అనే ప్రశాంత ప్రదేశము ఒకటి ఉంటుంది. అది మనమీదుగా పోయేటప్పుడు గాలి హఠాత్తుగా ఆగిపోతుంది, ఆకాశములో చుక్కలు కూడ కనపడవచ్చును. తుఫాను పోయినదని బయటికి వచ్చినవారు ఎదురు దిక్కునుండి వచ్చే రెండవ గాలికి చిక్కుకొంటారు. ఒంటి చేతితో పట్టుకొన్న తలుపును ఆ గాలి ఊడబెరుకుతుంది. అందుకే నాయనమ్మగారు ‘గాలి ఆగినా గడియ తీయకండిరా’ అంటారు.

కారొల్ తరువాత దేశము ఒక నిశ్చయమునకు వచ్చినది. గడ్డి, రేకు, చెక్క విడిచి సిమెంటు కాంక్రీటుతో ఇండ్లు కట్టుకొనవలెనని. ప్రభుత్వము కేంద్ర గృహనిర్మాణ సంస్థను ఏర్పరచి, ఊరూర సిటేలు అనే కాలనీలు కట్టించినది. వాటిలో కొన్ని ఇండ్ల గోడలలో ఆస్‌బెస్టాస్ వాడారు. అది ఊపిరితిత్తులకు హాని చేస్తుందని తరువాత గుర్తించారు. తొందరలో చేసిన మేలులో ఇటువంటివి కూడ ఉంటాయి. ఏమైనను ఒక తరము గడిచేసరికి దేశములో ఎక్కువ భాగము ఇండ్లు కాంక్రీటు ఇండ్లయినవి. దానితోపాటు హెచ్చరికల పద్ధతి కూడ స్థిరపడినది. ఒకటవ వర్గము అంటే తుఫాను వచ్చే అవకాశము ఉన్నది, ఒకటిన్నర నుండి రెండు రోజుల వ్యవధి ఉన్నదని అర్థము. రెండవది, మూడవది వచ్చేకొద్దీ వ్యవధి తగ్గుతుంది. నాలుగవ వర్గమంటే గంటకు 120 కిలోమీటర్ల విసురు గాలి వీచుచున్నదని అర్థము. వెనుకటి రోజులలో ఆ సంఖ్యను బట్టి పోలీసు ఠాణాలమీద ఎర్రజెండాలు ఎగురవేసేవారు.

పంట నష్టమునకు కూడ ఒక ఏర్పాటు ఉన్నది. తుఫాను, అనావృష్టి నష్టములకు భీమా నిధి 1946లోనే ఏర్పడినది. చెరకు రైతులు దానికి కొంత సొమ్ము చెల్లిస్తూ వచ్చారు. పంట పోయిన యేడు ఆ నిధి నుండి పరిహారము వస్తుంది. గోడ కట్టుకొనడము వంటిదే ఇది కూడ. గాలి వచ్చిన తరువాత కాదు, రాకముందు చేయవలసిన పని.

వీటి ఫలితము లెక్కలలో కనిపించుచున్నది. 1975 ఫిబ్రవరి 6న జెర్వేజ్ తుఫాను కన్ను ద్వీపము మీదుగానే పోయినది. గాలి విసురు గంటకు 280 కిలోమీటర్ల వరకు, అనగా కారొల్ కంటె ఎక్కువగా, నమోదైనది. మరణించినవారు పదిమంది వరకు. 1994 ఫిబ్రవరిలో హొలాండా వచ్చినప్పుడు ఇద్దరు. 1892లో 1,200, 1960లో 42, 1994లో 2. ఏ దేశమైనను గర్వించదగిన లెక్క ఇది.

2013 మార్చి 30

ఆ రోజు శనివారము. మరునాడు ఈస్టర్ పండుగ. పోర్ట్ లూయీలో అంగడి వీధులు జనముతో నిండి ఉన్నవి. తుఫాను లేదు, తుఫాను హెచ్చరిక లేదు, ఎర్రజెండా లేదు. మధ్యాహ్నము వాన మొదలై, రెండు గంటలలోపున సుమారు 152 మిల్లీమీటర్లు కురిసినది. నగరము నడుమ నుండి పోయే కాలువలు పొంగినవి. నీరు రేవు వైపు దూకినది. కోదాన్ వద్ద పెద్ద రహదారి క్రిందుగా పాదచారులు నడిచే సొరంగములోను, ఒక భవనపు నేలమాళిగలోని కారుషెడ్డులోను చిక్కుకొన్నవారు బయటపడలేకపోయారు. ఆ మధ్యాహ్నము మొత్తము 11 మంది మరణించారు. గంటకు 216 కిలోమీటర్ల గాలితో వచ్చిన హొలాండా ఇద్దరిని బలిగొన్నది. గాలి లేని వాన పదకొండుగురిని బలిగొన్నది.

ఇది ఎట్లు జరిగినది? మొదట నగరము ఉన్న చోటు చూడండి. పోర్ట్ లూయీకి ఒక వైపు సముద్రము, మిగిలిన వైపుల కొండలు. 812 మీటర్ల ఎత్తున ఉన్న లె పూస్ శిఖరము నుండి రేవుకు ఐదారు కిలోమీటర్లు మాత్రమే. గోదావరికి ఎగువన వాన కురిస్తే ధవళేశ్వరము చేరడానికి రోజులు పడుతుంది. ఆనకట్ట వద్ద మొదటి ప్రమాద హెచ్చరిక, రెండవ హెచ్చరిక, మూడవ హెచ్చరిక ఇచ్చి, లంక గ్రామముల వారిని తరలించడానికి వ్యవధి ఉంటుంది. ఇక్కడ కొండమీద కురిసిన వాన అంగడి వీధికి రావడానికి నిమిషములు చాలును. పెద్ద నదుల దేశములో వరద నడిచి వస్తుంది. చిన్న ద్వీపములో పరుగెత్తి వస్తుంది.

రెండవది, నేల. మట్టినేల వానలో కొంత భాగము త్రాగుతుంది. గడ్డి, చెట్ల వేళ్లు నీటి వేగము తగ్గిస్తాయి. కాంక్రీటు త్రాగదు. దీనిని లెక్కకట్టి చూడండి. మీ ఇంటి కప్పు వైశాల్యము 100 చదరపు మీటర్లు అనుకొందాము. దానిమీద 152 మిల్లీమీటర్ల వాన పడితే 15,200 లీటర్ల నీరు. పదిహేను లీటర్ల బకెట్లతో కొలిస్తే వెయ్యికి పైగా బకెట్లు. రెండు గంటలలోపున అంత నీటిని మీ ఇల్లు ఒక్కటే వీధిలో పారబోసినది. పెరడు కూడ సిమెంటు చేయించి ఉంటే దాని నీరు కూడ కలుపుకొనండి. ఇట్లు ఎన్ని ఇండ్లు, ఎన్ని దుకాణములు, ఎన్ని రోడ్లు!

ఇక్కడ ఒక చేదు సంగతి ఉన్నది. కారొల్ తరువాత మనలను కాపాడినది కాంక్రీటు. గాలికి ఎదురు నిలిచిన ఆ గోడలు, ఆ కప్పులే నేడు వాన నీటిని నేలలోనికి పోనీయకుండ పల్లమువారి మీదికి తోలుచున్నవి. కాంక్రీటు ఇండ్లు కట్టుకొనడము పొరపాటు అని దీని అర్థము కాదు. గడ్డి ఇంటికి తిరిగి పొమ్మని ఎవరును చెప్పరు. గాలికి ఇచ్చిన సమాధానము నీటికి సమాధానము కాలేదు, అంతే.

మూడవది, నీటి దారి. పాత కాలువల వెడల్పు పాత నగరమునకు సరిపోయినది. వాటిమీద వంతెనలు, వాటిలో పైపులు, వాటి పక్క గోడలు, చెత్త, అన్నీ చేరి దారి ఇరుకైనది. నగరమునకు, రేవుకు నడుమ పెద్ద రహదారి అడ్డముగా ఉన్నది. పల్లమునకు వచ్చిన నీరు సముద్రమును చేరడానికి దొరికిన సందులలో దూరినది. సొరంగము అటువంటి సందు. ‘నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు’ అని మన సామెత. ఆ రోజు నీరు తన పాత పల్లమును మరచిపోలేదు, నగరము మరచిపోయినది.

సంఖ్య చెప్పని ప్రమాదము

నిజమునకు 2013 కంటె ముందే ఒక సూచన వచ్చినది. 2008 మార్చి 26న బడులు జరుగుచున్న రోజున కుండపోత వాన కురిసి నలుగురు మరణించారు. వారిలో ఒక విద్యార్థిని కూడ ఉన్నది. 2013 తరువాత ప్రభుత్వము విపత్తుల నివారణకు, నిర్వహణకు ఒక జాతీయ కేంద్రమును నెలకొల్పినది. 2016లో దానికి చట్టము వచ్చినది. 2017లో మురుగు, వరద కాలువల పని అంతటిని ఒక చోట చేర్చి చూచే సంస్థకు మరొక చట్టము చేశారు. 2019లో జపాను దేశ సహాయముతో క్యూర్‌పీప్ వద్ద త్రూ ఓ సెర్ఫ్ కొండమీద డాప్లర్ రాడారు పని ప్రారంభించినది. మేఘములో ఎంత నీరు ఉన్నదో, అది ఎటు కదులుచున్నదో అది చూపుతుంది.

ఇంతలో 2024 జనవరి 15, సరిగా సంక్రాంతి పండుగనాడు, బెలాల్ తుఫాను రియూనియన్ ద్వీపమును తాకి మారిషస్‌కు దక్షిణముగా పోయినది. ఉదయము పనులకు వెళ్లినవారు తిరుగు దారిలో వరదలో చిక్కుకొన్నారు. పోర్ట్ లూయీ వీధులలో కార్లు కాగితపు పడవలవలె కొట్టుకొనిపోయి ఒకదానిమీద ఒకటి ఎక్కినవి. ప్రాణనష్టము కూడ జరిగినది. చట్టములు ఉన్నవి, రాడారు ఉన్నది, కేంద్రము ఉన్నది. అయినను ఇట్లు ఎందుకు జరిగినదని దేశమంతా అడిగినది.

దీనికి అనేక కారణములు చెప్పవచ్చును గాని నాకు ముఖ్యముగా తోచినది ఒకటి. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని మనము చిన్ననాటి నుండి నేర్చుకొన్న సంఖ్యలు గాలిని లెక్కించడానికి పుట్టినవి. తుఫాను ద్వీపమునకు దూరముగా పోతే గాలి సంఖ్య చిన్నదిగా ఉంటుంది. కాని తుఫాను అంచున ఉన్న మేఘములకు ఆ సంఖ్యతో పని లేదు. ఇంకా రెండవ వర్గమే కదా అని బండి తీసికొని బయలుదేరినవాడు తెలివితక్కువవాడు కాడు. అరువది ఏండ్లుగా దేశము నేర్పినది నమ్మినవాడు. అందుచేత వాన హెచ్చరికను గాలి హెచ్చరికతో సమానముగా, విడిగా, వినడము నేర్చుకొనవలసి ఉన్నది. కుండపోత వాన అని వాతావరణ కార్యాలయము ప్రకటించినప్పుడు తుఫాను పేరు ఉన్నదా లేదా అని చూడనక్కరలేదు.

కొన్ని కొలతలు గుర్తుంచుకొనండి. పారే నీరు 15 సెంటీమీటర్లు ఉంటే, అనగా చీలమండ దాటితే చాలు, పెద్దవారు కూడ కాలు నిలువరించుకొనలేక పడిపోవచ్చును. 30 సెంటీమీటర్ల నీటిలో చిన్న కారు తేలడము మొదలుపెడుతుంది. చూడడానికి మోకాలి లోతు కూడ ఉండదు. కారు లోపల ఉంటే భద్రముగా ఉన్నామని అనిపిస్తుంది, కాని తేలిన కారుకు స్టీరింగు పనిచేయదు. గాలి వచ్చినప్పుడు ఇంటిలోపలికి, అడుగు అంతస్తుకు పొమ్మని నేర్చుకొన్నాము. నీరు వచ్చినప్పుడు అడుగు అంతస్తు, నేలమాళిగ, సొరంగము ఇవే ప్రమాదస్థలములు. ఒక ప్రమాదములో కాపాడిన అలవాటు మరియొక దానిలో చంపగలదు. పైకి పోవలెను, వెంటనే పోవలెను, సామాను కొరకు తిరిగి రాకూడదు.

ఇకముందు ఇటువంటి వానలు తగ్గుతాయని ఆశ పెట్టుకొనడానికి వీలులేదు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు నూటికి ఏడు పాళ్లు ఎక్కువ నీటి ఆవిరిని మోయగలదు. సముద్రము వేడెక్కుచున్నది. తుఫానుల సంఖ్య పెరుగకపోవచ్చును గాని వాటిలో తీవ్రమైనవాటి పాలు, అవి కురిపించే వాన పెరుగుతాయని శాస్త్రజ్ఞుల అంచనా. విచిత్రమేమనగా ఇంత వాన పడిన దేశములోనే నీటి కరువు కూడ వస్తుంది. మేర్ ఓ వకోవా మన అన్నిటికంటె పెద్ద జలాశయము. అది అడుగంటి, కొళాయిలకు గంటల లెక్కన నీరు వదిలిన సంవత్సరములు మీ పెద్దలకు తెలుసును. రెండు గంటలలో కాంక్రీటు మీదుగా సముద్రములోనికి పోయిన నీరు బావికి రాదు.

ఆంధ్రతీరము నేర్చుకొన్నది

మన పూర్వికుల తీరములో పాఠము వేరుగా సాగినది. అక్కడ మొదటినుండి ప్రాణములు తీసినది గాలికంటె ఉప్పెన. తుఫాను గాలి సముద్రమును ఒడ్డుకు నెడుతుంది. కృష్ణా, గోదావరి ముఖద్వారముల వద్ద నేల బల్లపరుపు, సముద్రపు అడుగు లోతు తక్కువ. అందుచేత ఆ నీరు కిలోమీటర్ల కొలది లోపలికి వస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమలో వచ్చిన ఉప్పెనలో సుమారు పదివేల మంది మరణించారు. గ్రామములకు గ్రామములు తుడిచిపెట్టుకొనిపోయినవి. ఆ తరువాత తీరము వెంబడి స్తంభములమీద ఎత్తుగా తుఫాను రక్షణ భవనములు కట్టారు. మామూలు రోజులలో వాటిలో బడి నడుస్తుంది. 1990 మే నెలలో ఇంచుమించు అంతే బలమైన తుఫాను అదే తీరమును తాకినది. ముందుగా లక్షల మందిని తరలించారు. మరణించినవారు వెయ్యికి లోపల. ఇది కూడ చిన్న సంఖ్య కాదు, కాని పదివేలు కాదు.

అయితే నీటికి సిద్ధపడిన తీరమును గాలి తికమక పెట్టిన సందర్భము కూడ ఉన్నది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నేరుగా విశాఖపట్టణము మీదికి వచ్చినది. విమానాశ్రయపు పైకప్పు దెబ్బతిన్నది, విద్యుత్ స్తంభములు వరుసగా కూలినవి, నగరపు చెట్లు నేలకొరిగినవి. రోజుల తరబడి దీపము, నీరు, టెలిఫోను లేవు. అక్కడివారు తరలింపు నేర్చుకొన్నారు గాని, పెద్ద నగరపు తీగలను, స్తంభములను గాలినుండి కాపాడడము అప్పటికి నేర్చుకొని ఉండలేదు.

కోరంగి వద్ద ఇప్పుడు విస్తారమైన మడ అడవి ఉన్నది. ఉప్పునీటిలో వేళ్లూని నిలిచే చెట్లు అవి. అల వేగమును తగ్గిస్తాయి, ఒండ్రును పట్టి ఉంచుతాయి. మారిషస్ తీరములో కూడ మడచెట్లు ఉన్నవి. వంటచెరకు కొరకును, పడవల దారి కొరకును కొట్టివేసిన చోట్ల 1990ల నుండి తిరిగి నాటుచున్నారు. ఒక మొక్క నాటడము సులభము. కాని ఉత్తర తీరములో హోటళ్ల కొరకు, ఇండ్ల కొరకు పూడ్చిన చిత్తడి నేలలను తిరిగి తేవడము అంత సులభము కాదు. చిత్తడి నేల చూపునకు పనికిరాని భూమి. వాన వచ్చిన రోజున అది చెరువు. దానిని పూడ్చిన రోజున ఆ చెరువు ఎవరి ఇంటిలోనికో పోతుంది.

ఎవరి ఇల్లు, ఎవరి కాలువ

గాలిని ఎవరి ఇల్లు వారు కట్టుకొని ఎదిరించవచ్చును. పక్కవాని కప్పు బలముగా లేకపోయినను మీ కప్పు నిలుస్తుంది. నీటి విషయములో అది సాధ్యము కాదు. ఎగువ ఇంటివాడు పెరడును సిమెంటు చేసి, కాలువ వైపు ప్రహరీ గోడ కట్టుకొంటే అతని ఇల్లు పొడిగా ఉంటుంది, దిగువ ఇల్లు మునుగుతుంది. దిగువవాడు గోడ కట్టుకొంటే నీరు ఇంకొకరి మీదికి పోతుంది. ఇందువలననే కాలువల చట్టము అవసరమైనది.

చట్టము వచ్చినంత మాత్రమున సమస్య తీరదు. ఇక్కడ ఒక కష్టమైన ప్రశ్న ఉన్నది. ఏటి ఒడ్డున, పల్లములో ఇల్లు కట్టుకొన్నవారిలో చాలమంది పేదవారు. వారికి అందుబాటులో దొరికిన నేల అదే. ఇద్దరు ముగ్గురు పిల్లలకు భాగములు పంచిన తరువాత మిగిలినది ఆ మూల మాత్రమే అయి ఉండవచ్చును. వారిని లేచి పొమ్మనడము సులభము. ఎక్కడికి పోవలెనో చూపకుండ అట్లు అనడము న్యాయము కాదని నా అభిప్రాయము. ఆ పల్లములోనికి నీటిని తోలుచున్న ఎగువ భవనములను ఏమియు అడగకుండ, మునిగినవారినే తప్పుపట్టడము మరింత అన్యాయము. కారొల్ తరువాత ఇల్లు పోయినవారికి దేశము ఇల్లు కట్టించి ఇచ్చినది. నీరు ఎక్కిన ఇండ్ల వారికి ఏమి చేయవలెనన్నది ఇంకను తేలలేదు.

అభ్యాసము

1. 2013 మార్చి 30 నాటి వరదకును, 1994 నాటి హొలాండా తుఫానుకును గల తేడాలను మీ సొంత మాటలలో వ్రాయండి.

2. మీ బడి కప్పు పొడవు, వెడల్పు కొలిచి, 100 మిల్లీమీటర్ల వాన పడితే ఎన్ని లీటర్ల నీరు వస్తుందో లెక్కకట్టండి. ఆ నీరు ఇప్పుడు ఎక్కడికి పోవుచున్నదో కనుగొనండి.

3. మీ తాతగారిని గాని, నాయనమ్మగారిని గాని, పొరుగున ఉన్న పెద్దలను గాని అడిగి, మీ ఊరిలో ఏ చోట పూర్వము నీరు నిలిచేదో తెలిసికొనండి. ఆ చోట ఇప్పుడు ఏమి ఉన్నదో వ్రాయండి.

4. గాలివాన, ఉప్పెన, వరద, ముంపు: ఈ నాలుగు మాటలకు అర్థభేదము చెప్పి, ఒక్కొక్కదానితో ఒక వాక్యము కూర్చండి.

5. ఇంటినుండి బడికి మీరు వచ్చే దారి పటము గీయండి. దానిలో కాలువలు, వంతెనలు, పల్లములు గుర్తించి, కుండపోత వాన రోజున ఏ దారిన పోకూడదో ఎర్ర రంగుతో చూపండి. పటమును ఇంటిలో పెద్దలకు చూపి, వారు చెప్పిన మార్పులు చేసి, ఉపాధ్యాయునికి ఇవ్వండి.